వారాల పిల్ల

బడి మానేసిన పిల్లల ఇళ్ళ చుట్టూ తిరగడం నాకు కొత్త కాదు. పత్తి ఏరడానికి పోయారంటే చేలోకే వెళ్ళి పట్టుకొచ్చేవాణ్ణి. గొర్ల వెంట పంపామంటే తండ్రితో వాదానికి దిగేవాణ్ణి. భైంసా పక్కన ఒక ఊళ్ళో పనిచేసేటప్పుడు ఒక ఆసామి నా మీదికి ముల్లుగర్ర ఎత్తాడు. మర్నాడు ఆయన కొడుకు పలక పట్టుకుని బడికొచ్చాడు. అది నా ఘనతేనని నా నమ్మకం. "మీతోని నెత్తినొప్పి ఎందుకని తోలిండు, గంతే" అంటుంది మా ఆవిడ. ఆమె పుట్టిల్లు భైంసా. కోపం వస్తే మరాఠీ ముందొస్తుంది, తెలుగు దాని వెనకాల వస్తుంది.

తొంభైల నడుమ కరీంనగర్ జిల్లాలో ఒక నేతవాళ్ళ ఊరికి ప్రధానోపాధ్యాయుడిగా వచ్చాను. నేనూ నేతవాళ్ళ బిడ్డనే. ఏడో తరగతి దాకా ఉన్న బడి. ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పి నన్ను చిరాకు పెట్టేది. దసరా సెలవులయ్యాక ఆ పిల్ల రాలేదు. మూడో తరగతిలో ఉన్న తమ్ముడూ రాలేదు. ఎందుకు రాలేదని తరగతిలో అడిగితే పిల్లలంతా తలలు దించుకున్నారు. వాళ్ళుండే వాడకట్టులో అడిగితే పెద్దలు కూడా అదే పని చేశారు.

తెలియక కాదు. ఆ పిల్ల తండ్రి మరాఠీ దిక్కున ఉన్న భివండిలో మరమగ్గాలు నడిపేవాడు. వాటిని మా వాళ్ళు సాంచెలంటారు. ఇక్కడ మగ్గాలు మూలపడ్డాక సగం వాడకట్టు భివండికి పోయి బతికింది. కొందరు డబ్బుతో వచ్చారు, కొందరు జబ్బుతో వచ్చారు. ఈయన ఎముకల గూడై తిరిగొచ్చి, ఆర్నెల్లు మంచంలో ఉండి పోయాడు. ఆ వానాకాలంలో తల్లి కూడా అదే జబ్బుతో, మొగుడి నుంచి పెళ్ళానికి అంటుకునే, ఊళ్ళో ఎవరూ పేరెత్తని జబ్బుతో పోయింది. మిగిలింది ఈ ఇద్దరు పిల్లలు, చూపు సరిగా ఆనని నాయనమ్మ.

నేను వెళ్ళేసరికి పిల్ల చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి గభాలున లేవబోయి తంబాకంతా కింద పోసుకుంది. ముసలావిడ గొంతును బట్టి నన్ను గుర్తుపట్టింది.

"బడికి ఎందుకు తోలుతలేవు?" అన్నాను.

"తోలి ఏం జేద్దు సారూ? బీడీ కార్డన్న చేపిస్తే రేపు ఎవడన్న లగ్గం చేసుకుంటడు. సదివిపిస్తే చేసుకుంటడా, గా బీమారి ఇంటి పిల్లను?"

ఆమె మాట అబద్ధం కాదు. మా దిక్కున పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు పిల్ల రంగు కంటే ముందు బీడీ కార్డుందా అని అడుగుతారు. కంపెనీ ఇచ్చే ఆ కార్డుంటే పనికీ పింఛనుకూ భరోసా. అయినా నేను గట్టిగా కోప్పడబోయాను. అంతలో పిల్ల నేలమీది తంబాకు ఎత్తుకుంటూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"బడిల నా పక్కన ఎవలు కూసుంటలేరు సార్. వాళ్ళ అవ్వలు వద్దన్నరట. తమ్ముని పక్కన సుత."

గోడ వారగా బియ్యం మూటలు కనిపించాయి. కులసంఘం వాళ్ళిచ్చారట. మా పెద్దలు దయలేని వాళ్ళు కారు. మూట తెచ్చి గడప బయట దింపి, అక్కణ్ణుంచే పిలిచి, జవాబు వినకుండా వెళ్ళిపోయారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని మాకు ఆచారం. చుట్టాలు, ఇరుగు పొరుగు అన్నాలు వండుకొచ్చి, ఏడ్చేవాళ్ళను బుజ్జగించి, కలిసి కూర్చుని తినిపించి పోతారు. ఈ ఇంటికి వండిన అన్నం ఒక్క గిన్నె రాలేదు. తల్లి పోయిన రోజు ఆ పిల్లే పొయ్యి వెలిగించి తమ్ముడికి గంజి కాచిందట. ముసలావిడ ఆ సంగతి చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియక ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను.

"నేనేం జేసిన్నయ్యా?" అందామె.

ఆ సాయంత్రమంతా నాకు మా నాన్న, మా బాపు, గుర్తొస్తూ ఉన్నాడు. నేను హైస్కూలు చదువుకు కరీంనగర్ వచ్చింది అరవై తొమ్మిదిలో. తెలంగాణ కోసం లొల్లి జరుగుతున్న ఏడాది. బళ్ళు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. బడి ఉన్నా లేకపోయినా ఆకలి మాత్రం వేళకు వచ్చేది. బాపు భుజాన తువ్వాళ్ళు, దోవతులు వేసుకుని కరీంనగర్ గల్లీల్లో తిరిగి అమ్మేవాడు. రోజుకొక ఇంట్లో తిని చదువుకోవడాన్ని వారాలు చేసుకోవడమంటారు. అది బ్రాహ్మణ పిల్లల పద్ధతి, మా కులంలో ఎవరూ ఎరగరు. బాపు అదంతా పట్టించుకునే మనిషి కాదు. తువ్వాలు కొన్న ప్రతి ఇంట్లోనూ అడిగాడు: "అమ్మా, మా పోరడు ఈడ్నే సదువుకుంటండు. వారంల ఒక్కనాడు ఇంత బువ్వ పెట్టుండ్రి." కొందరు నవ్వారు. కొందరు తలుపేసుకున్నారు. చివరికి ఏడు ఇళ్ళు దొరికాయి.

ఆ ఇళ్ళ వంటలు ఇప్పుడు నాకు పెద్దగా గుర్తులేవు. ఆ ఇళ్ళ పిల్లలు గుర్తున్నారు. మొదట్లో నన్ను వింతగా చూసినవాళ్ళు, నెల తిరక్కముందే నా పుస్తకాలు లాక్కుని నాతో తన్నుకునేదాకా వచ్చారు. ఒక వరుసలో కూర్చుని ఒకే గిన్నెలోని పప్పు కలుపుకున్నాక ఎవరినైనా పరాయిగా చూడడం కష్టం. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు.

"ఆ పిల్లలకు వారాలు పెడదాం" అన్నాను మా ఆవిడతో. "బియ్యమిచ్చే వాళ్ళు చాలామంది ఉన్నరు. ఇంట్లకు పిలిచి పక్కన కూసుండబెట్టుకునే ఏడు ఇండ్లు కావాలె. ఏడిండ్లల్ల తింటే బడిల ఎవడు పక్కన కూసోనంటడో చూస్త."

ఆమె వెంటనే సరే అనలేదు. మా పిల్లలు చిన్నవాళ్ళు, ఆమెకూ భయముంది. "జర డాక్టర్‌ను అడుగుండ్రి, గప్పుడు మాట్లాడుదాం" అంది. కరీంనగర్ వెళ్ళి నాకు తెలిసిన డాక్టరును అడిగాను. పక్కన కూర్చుంటే రాదు, ముట్టుకుంటే రాదు, ఒక్క కంచంలో తిన్నా రాదు అని ఆయన వివరంగా చెప్పాడు. నేను విన్నదంతా ఇంటికొచ్చి అప్పజెప్పాను. ఆమె రెండు మూడు ప్రశ్నలడిగింది, నేను డాక్టరులాగే జవాబు చెప్పాను. "మరి గిది ముందే ఎందుకు చెప్పలే? ఆదివారం మనది" అంది. నాకు తెలియనిది ముందే ఎట్లా చెప్పేదని వాదించలేదు.

కులపెద్ద ఇంటికి వెళ్ళాను. మంచి మనిషి, కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. నా మాటంతా విని గడ్డం గోక్కున్నాడు.

"సారూ, మీరు చెప్పేది ధర్మమే. పిల్లలకు రక్తపరీక్ష చేపియ్యుండ్రి. ఏం లేదని కాగితం తెండ్రి. నా వాడకట్టుకు నేను చెప్త. కాగితం చూస్తే ఎవ్వలు కాదనరు."

చాలా తేలికైన దారి. ఇద్దరు పిల్లలూ నిక్షేపంలా ఉన్నారు, బహుశా జబ్బు లేనట్టే. మళ్ళీ వెళ్ళి డాక్టరుతో ఈ మాట చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పరీక్ష వైద్యం కోసం చేస్తం సార్, భోజనానికి పిలిచేటందుకు కాదు. పిల్లలకు పానం బాగలేకపోతే తీసుకరండి, నేను చూస్త" అన్నాడు. బస్సులో తిరిగొస్తూ అదే ఆలోచించాను. ఈ ఇద్దరికీ లేదని కాగితం చూపించి అన్నం పెట్టించానంటే, ఉన్న పిల్లకు పెట్టక్కర్లేదని నేనే ఒప్పుకున్నట్టు. ఈ వాడకట్టులో భివండి మనుషులు ఇంకా ఎందరో ఉన్నారు. కాగితం తెచ్చేది లేదని బస్సు దిగేలోపే తీర్మానించుకున్నాను.

"చేపిస్తే అయిపాయె గదా, గీ పట్టుదల ఎందుకు?" అని మా ఆవిడ కూడా అంది. నేను బస్సులో అనుకున్నదంతా ఆమెకు చెప్పాను. "సరే, సోమవారం సుత మనదే రాసుకోండ్రి" అంది.

శుక్రవారాన్ని గాజులమ్మే సాయిబు అడిగి మరీ తీసుకున్నాడు. ఊళ్ళో ఎవరో మాట్లాడుకుంటుంటే విని తనే బడికొచ్చాడు. "మాకు జుమ్మా మంచి దినం సార్. పిల్లల్ని పంపుండ్రి, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు. శుక్రవారం వాళ్ళింట్లో మాంసం వండుతారని తమ్ముడికి తెలిసిపోయింది. మిగతా రోజుల్లో కూడా వాడు గాజుల సాయిబు ఇంటి చుట్టే తిరిగేవాడు. ఊరికి అవతలి దిక్కున్న ఇద్దరు రైతులు బుధవారం, శనివారం ఒప్పుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ముసలావిడకు ఒక గిన్నెలో కట్టి పంపేవారు. ఊరికే తినడం ఆమెకు నచ్చేది కాదు. బదులుగా నాకు బీడీ కట్టలు పంపేది. నేను బీడీ తాగనని ఎన్నిసార్లు చెప్పినా, తాగని మగాడుంటాడని ఆమె నమ్మలేదు.

మంగళవారం పటేలు గారిది. ఊళ్ళో పెద్దిల్లు. అడగగానే ఒప్పుకున్నందుకు నేను ఎంతో పొంగిపోయాను. రెండో మంగళవారం పిల్ల అక్కడికి పోకుండా బళ్ళోనే కూర్చుండిపోయింది. ఎంత అడిగినా చెప్పదు. తమ్ముడు చెప్పాడు. ఇద్దరినీ వాకిట్లో పశువుల కొట్టం పక్కన కూర్చోబెట్టారట. పైనుంచి వడ్డించారట. వీళ్ళు తిన్న సత్తుపళ్ళేలు వీళ్ళతోనే కడిగించి చూరుకు వేలాడదీశారట. నేను ఆ మధ్యాహ్నమే వెళ్ళి పటేలు గారితో, "మీ మంగళవారం రద్దు" అని చెప్పాను. ఆయన నిర్ఘాంతపోయాడు. నెయ్యి కూడా వేశాం కదా అన్నాడు. నిజంగానే వేశారు, అందుకే ఆయనకు నా కోపం అర్థం కాలేదు. ఆ తర్వాత బదిలీ అయ్యేదాకా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ మంగళవారాన్ని మా ఆవిడే తీసుకుంది. "ఇంకెవరితోని కొట్లాడినా వాళ్ళ దినం మన నెత్తినే పడ్తది, జర చూసి కొట్లాడుండ్రి" అని మాత్రం హెచ్చరించింది.

ఇక గురువారం మిగిలింది. అది కూడా పెడతానంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. ఇన్ని ఇళ్ళు దొరికినా పిల్లలుండే వాడకట్టు నుంచి ఒక్కటీ రాలేదు. బళ్ళో పక్కన కూర్చోని పిల్లలంతా అక్కడివాళ్ళే. పిల్ల బడికొస్తోంది, తింటోంది, కానీ చివరి వరుసలో ఒక్కతే కూర్చుంటోంది. ఇట్లాగే సాగితే వేసవిలోగా మళ్ళీ బీడీల చాట ముందుకే పోతుందని నాకు తెలుసు. గురువారం ఆ వాడకట్టులోనే దొరకాలని పట్టుబట్టాను.

ఆ పిల్ల ఇంటికి ఎదురుగా ఒకామె ఉండేది. ఆమె కూతురు కూడా ఏడో తరగతే. ఒకప్పుడు ఇద్దరు పిల్లలూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని బడికొచ్చేవారు. అందరికంటే ముందు కూతుర్ని ఆ పిల్ల పక్కనుంచి లేపించింది ఆ తల్లే. నేను వెళ్ళేసరికి రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. చేతి పని ఆపలేదు.

"కులపెద్ద చెప్పిండు గదా సారూ. కాగితం తెండ్రి, గురువారం ఏంది, రోజు పెడ్త."

"కాగితం తేను."

"మరి నేను పెట్ట. నా పిల్ల నాకు ముఖ్యం."

అప్పటికి నా ఓపిక అయిపోయింది. "మీ ఇంటాయన ఏడున్నడు?" అని అడిగాను.

రాట్నం ఆగింది. ఆమె భర్త కూడా భివండిలోనే ఉన్నాడని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు.

"ఆయన మంచిగనే ఉన్నడు. మొన్ననే ఉత్తరం రాసిండు."

"మంచిగనే ఉండాలమ్మా, నేను గుడ గదే కోరుకుంట. కానీ ఇయ్యాల్ల నువ్వడిగిన కాగితం రేపు నీ పిల్లను ఎవలన్న అడిగితే ఏం జెప్తవు? గా దినం సుత నేను గిట్లనే ఇల్లిల్లు తిరుగుత. కాగితం తేను. గీ మాట నీకు ఒక్కదానికే చెప్తున్న."

ఆమె లేచి నా మొహం మీదే తలుపేసింది. దడేల్‌మన్న ఆ చప్పుడుకు వాడకట్టంతా బయటికొచ్చింది. నేను మర్యాదగా మాట్లాడలేదు. ఇప్పుడు అడిగినా అదే మాట అంటాను. ఆమె అడిగేది రోగం గురించి కాదు, తన భయం గురించి. ఆ భయాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుకుంటే తప్ప ఆ వాడకట్టులో ఏ తలుపూ తెరుచుకోదని నాకు అనిపించింది.

తర్వాతి గురువారం మధ్యాహ్నం అన్నానికి బడి వదిలాక చూస్తే గేటు దగ్గర ఆమె కూతురు నిలబడి ఉంది. "సార్, మా అవ్వ వీళ్ళను తోల్కరమ్మన్నది" అంది. నేను సరేనన్నట్టు తలూపాను. నోరు తెరిస్తే ఏం మాట్లాడతానో నాకే భరోసా లేదు. మర్నాడు ఎక్కడ కూర్చుని తిన్నావని పిల్లనడిగాను. "పొయ్యికాడ్నే సార్, అందరం. అన్నంల కలిపిన తొక్కు శానా కారమున్నది" అంది. ఆ వారంలోనే ఎదురింటి పిల్ల తన సంచి తీసుకుని చివరి వరుసకు వచ్చేసింది. ఎవరూ చెప్పలేదు. ఒక ఇంటివాళ్ళు మాత్రం గొడవ చేసి, కొడుకుని వేరే బడికి మార్చుకుంటామని టీసీ అడిగారు. ఇచ్చి పంపాను.

ఏప్రిల్‌లో ఏడో తరగతి పరీక్షలు అయ్యాయి. బాగా రాశానని పిల్ల చెప్పింది. బడి మూసిన రోజు, మేము సెలవులకు భైంసా పోతున్నాం, మళ్ళీ బడి తెరిచాక వారాలు మొదలుపెడదామని ఇద్దరు పిల్లలకూ చెప్పాను. ఇళ్ళవాళ్ళు కూడా ఇన్నాళ్ళూ పెట్టారు, ఎండల్లో వాళ్ళకూ కాస్త విడుపు ఉండాలి కదా అనుకున్నాను. నా మనసులో అసలు గుబులు వేరే ఉంది. మా బడి ఏడుతో అయిపోతుంది. హైస్కూలు మండల కేంద్రంలో ఉంది, రెండూళ్ళ నడుమ చేల వెంబడి నడిచి పోవాలి. అంత దూరం ఆడపిల్లను ఒంటరిగా ఎవరూ పంపరు. ముసలావిడ అప్పుడే బీడీ కార్డు కోసం ఎవరినో కలిసిందని విన్నాను. ఊరెళ్ళేలోపు ఆమెతో ఎట్లా మాట్లాడాలా అని పెట్టె సర్దుకుంటూ ఆలోచిస్తున్నాను.

అది గురువారం. పిల్ల ఎదురింటామె ఒక్క విసురున మా ఇంట్లోకి వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"నేనేం తప్పు జేసిన సారూ? మా గురువారం ఎందుకు బంద్ జేసిండ్రు? పటేలింటి లెక్క నేను బయట కూసోబెట్టిన్నా? సత్తుపళ్ళెం పెట్టిన్నా?"

నేను తెల్లమొహం వేశాను. బడి సెలవులు కాబట్టి అని ఏదో చెప్పబోయాను.

"బడి బందైతే కడుపు బందైతదా? వండి పెట్టుకోని కూసున్నం. నా పిల్ల తినకుంట వాకిట్ల నిలబడ్డది. నడువుండ్రి, మీరే చెప్పుండ్రి ఆ పొల్లకు."

మా ఆవిడ లోపల్నుంచి, "బస్ ఝాలం! ఇగ చాలు, పెట్టె తర్వాత సర్దుదురు గాని, ముందు పోండ్రి" అని కేకేసింది. ఎండలో ఆమె వెనక దాదాపు పరిగెత్తాను. పిల్ల ఇంటి ముందు నీడలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఎదురింటామె ఆగలేదు.

"ఏందే, అన్నం తయారుంటే రావా? రానని ఒక్క మాట చెప్ప చేతగాదా? నీ కోసం మేమందరం ఎండుకుంట కూసోవాల్నా? ఇంకోసారి చెప్పకుంట ఎగ్గొట్టినవనుకో, కాళ్ళిరగ్గొడ్త!"

లోపల్నుంచి ముసలావిడ కంగారుగా బయటికొచ్చింది. ఆమెనూ వదల్లేదు.

"నీకు సుత చెప్తున్న పెద్దవ్వా. కార్డు కార్డని తిరుగుతున్నవట. కార్డు నాకున్నది, ఏం బాగుపడ్డ? నా పిల్లను హైస్కూలుకు తోలుత. అంత దూరం దానికి తోడు ఎవలు? నీ మనుమరాలు పోతేనే నా పిల్ల పోతది. ఇది ఆగితే అది సుత ఆగుతది. నువ్వే ఆలోచన జేసుకో."

ముసలావిడ తడుముకుంటూ గడప మీద కూర్చుంది. అందరం పిల్ల వైపు చూశాం. తల్లి పోయినప్పుడు కూడా ఈ పిల్ల కంట నీరు పెట్టలేదని ఊరంతా వింతగా చెప్పుకున్నారు. ఇన్నాళ్ళూ అందరూ ఆమెతో మెల్లగా, జాలిగా, దూరం నుంచి మాట్లాడారు. నేను కూడా అట్లాగే మాట్లాడాను. తల్లి పోయాక ఆ పిల్లను గట్టిగా తిట్టిన మనిషి లేదు. ఇప్పుడు ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి, గొంతెత్తి ఏడ్చింది. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఎదురింటామె ఒక్క క్షణం నిలబడి చూసింది. తర్వాత వంగి, ఆ పిల్ల జబ్బ పట్టుకుని లేపి, తన కొంగుతో ముక్కు తుడిచింది.

"ఏడ్సుడు తర్వాత. అన్నం సల్లారిపోతంది, నడువు. తమ్మున్ని సుత పిలువు."

పిల్లలిద్దరూ ముందు నడిచారు. ఆమె వెనకాల, ఇల్లు చేరేదాకా, వాళ్ళను తిడుతూనే వెళ్ళింది.